ఉబుంటులో ఎక్స్‌ఎఫ్‌సీఈ: పాత ల్యాప్‌టాప్‌కి ఊపిరి

4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్)తో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్ ఈడుస్తుంటే, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వేయండి. మెమరీ తక్కువ తింటుంది, నొక్కగానే మెనూ తెరుచుకుంటుంది. టెర్మినల్‌లో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఎఫ్‌సీఈ4’ (sudo apt install xfce4) చాలు. ‘జుబుంటు-డెస్క్‌టాప్’ ప్యాకేజీ జోలికి వెళ్లొద్దు, అక్కర్లేని యాప్‌లు బోలెడు వచ్చిపడతాయి. మధ్యలో డిస్‌ప్లే మేనేజర్ (లాగిన్ తెర చూపించే ప్రోగ్రామ్) ఏదని అడిగితే ఇప్పటికే ఉన్న జీడీఎం3 (gdm3)నే ఉంచండి.

లాగౌట్ అయ్యి, లాగిన్ తెరలో మీ పేరు నొక్కాక కింద కుడిమూల పళ్లచక్రంలో ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్ ఎంచుకోవాలి. ఆటో లాగిన్ ఆన్‌లో ఉంటే కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఆ చక్రం కనపడదు, ముందే ఆపేయండి.

నిజంగా విసిగించేది విండో అంచు. దారప్పోగంత సన్నం, మౌస్‌కి చిక్కదు. ఆల్ట్ పట్టుకుని కుడి బటన్‌తో లాగితే సైజు మారుతుంది. తెలుగు టైపింగ్ ఆగిపోతే టెర్మినల్‌లో ‘ఐఎం-కాన్ఫిగ్’ (im-config) తెరిచి, భాషల టైపింగ్‌ని నడిపే ఐబస్ (ibus) ఎంచుకుని మళ్లీ లాగిన్ అవ్వండి.