సింగపూర్ క్రూయిజ్‌కి చేతిలో ఎంత క్యాష్ పెట్టుకోవాలి? మా ఐదుగురి లెక్క ఇదీ

క్రూయిజ్‌కి వెళ్తున్నామని తెలియగానే చుట్టాల్లో తలా ఒక మాట చెప్పారు. షిప్పులో అంతా డాలర్లే, తక్కువలో తక్కువ రెండు వేలు పట్టుకెళ్లండని ఒకరు, కార్డు ఉంటే చాలు నోటు ముట్టుకునే పనే ఉండదని ఇంకొకరు. వెళ్లొచ్చాక తెలిసింది, షిప్పు వరకూ రెండో మాట నిజం, రేవులో కాలు పెట్టాక కాదు. మేం 2025 ఫిబ్రవరిలో సింగపూర్‌లో ఎక్కి, మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్‌లోనే దిగే నాలుగు రాత్రుల ట్రిప్ చేశాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల బాబు, అత్తయ్య, మావయ్య. ఎంత తీసుకెళ్లాం, ఎంత ఖర్చయింది, ఎంత అనవసరంగా మోశాం అన్నది లెక్కతో సహా రాస్తున్నాను, పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి బాగా పనికొస్తుంది.

హైదరాబాద్‌లో బయల్దేరేటప్పుడు మా దగ్గర 1,000 అమెరికన్ డాలర్లు, 300 సింగపూర్ డాలర్లు నోట్ల రూపంలో, ఇంకో 1,000 అమెరికన్ డాలర్లు ఫారెక్స్ కార్డులో (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) ఉన్నాయి. అది కాక మా ఆయన క్రెడిట్ కార్డు. నోట్లు సిటీలోనే కొన్నాం, అమెరికన్ డాలర్ 88 రూపాయల 50 పైసలు పడింది. అదే రోజు రాత్రి ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో బోర్డు చూస్తే 93 దాటి ఉంది, కాబట్టి ఆ పని ఇంటి దగ్గరే రెండు రోజులు ముందు చేసుకోండి. పాస్‌పోర్టు, పాన్, టికెట్ అడుగుతారు. 50 వేల రూపాయలు దాటితే క్యాష్ తీసుకోరు, బ్యాంకు నుంచి పంపాలి. మనిషికి 3,000 డాలర్ల వరకే నోట్లు ఇస్తారు, ఇలాంటి ట్రిప్‌కి ఆ దరిదాపులకు వెళ్లే అవసరమే రాదు. మన రూపాయలైతే మనిషికి 25 వేల వరకు వెంట ఉంచుకోవచ్చు, తిరిగొచ్చాక ట్యాక్సీకి కావాలి కాబట్టి కొంచెం ఉంచుకోండి.

సింగపూర్‌లో రెండు రాత్రులు లిటిల్ ఇండియాలో ఉన్నాం, సెరంగూన్ రోడ్డుకి ఆనుకున్న సందులో. రూములు మరీ చిన్నవి, ఒక సూట్‌కేసు తెరిస్తే రెండోది మంచం మీద పెట్టాల్సిందే. కానీ పొద్దున్నే టెక్కా సెంటర్‌లో వేడి దోసె దొరుకుతుంది, శ్రీనివాస పెరుమాళ్ గుడికి నడిచి వెళ్లొచ్చు, అత్తయ్య వాళ్లకి అది పెద్ద ఊరట. మెరీనా బే వైపు మెరిసే హోటళ్లలో ఇంతకు మూడింతలు పెట్టేకంటే మాకు ఇదే నచ్చింది. మెట్రోకి క్యాష్ అక్కర్లేదు, మన వీసా, మాస్టర్ కార్డుల్నే గేటు దగ్గర తాకిస్తే చాలు, విదేశీ కార్డుకి రోజుకు 60 సెంట్లు అదనం. ఒక్క కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు, ఎవరి కార్డు వాళ్లకుండాలి. ముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్, ట్యాప్ చేసే ఆప్షన్ రెండూ ఆన్ చేసుకోండి, మన దగ్గర అవి మామూలుగా ఆఫ్‌లోనే ఉంటాయి.

హోటల్లో డిపాజిట్‌కి కార్డు ఇస్తే మెషీన్ మీద రూపాయల్లోనా, సింగపూర్ డాలర్లలోనా అని వస్తుంది. రూపాయలు చూడగానే మనకు హాయిగా ఉంటుంది, అది నొక్కకండి. వాళ్ల రేటు వేసి లాగేస్తారు. ఏ దేశంలో ఉంటే ఆ దేశం డబ్బే నొక్కాలి.

లిటిల్ ఇండియాలోనే ఉన్న ముస్తఫా అనే పెద్ద షాపు దగ్గర డబ్బు మార్చే కౌంటర్లు వరసగా ఉంటాయి. అక్కడ 60 సింగపూర్ డాలర్లిస్తే 197 మలేషియా రింగిట్లు వచ్చాయి. థాయ్‌లాండ్ బాట్లు కూడా అక్కడే మార్చుకుని ఉండాల్సింది. ఫుకెట్‌లో చూసుకుందాంలే అనుకున్నాం, దాని కథ తర్వాత చెప్తాను.

షిప్పులో అడుగు పెట్టాక పర్సు నిజంగానే లాకర్‌లోకి వెళ్లిపోతుంది. గది తాళంగా ఇచ్చే కార్డే డబ్బు. ఖాతా అమెరికన్ డాలర్లలో నడుస్తుంది, కొన్ని షిప్పుల్లో సింగపూర్ డాలర్లు, బుక్ చేసేటప్పుడే అడగండి. మూడు పూటలా తిండి టికెట్‌లోనే ఉంది, అన్నం, పప్పు, రెండు కూరలు రోజూ దొరికాయి. కూల్‌డ్రింకులు, ఇంటర్నెట్, స్పెషల్ రెస్టారెంట్లు విడిగా. మేం అసలు లెక్కలో వేసుకోనిది సిబ్బందికి ఇచ్చే గ్రాట్యుటీ, అంటే టిప్పు. మనిషికి రోజుకు 18 డాలర్ల పైచిలుకు, పిల్లలకీ అంతే, మా ఐదుగురికి నాలుగు రాత్రులకి 370 డాలర్లు. డ్రింకుల మీద 18 శాతం సర్వీసు మళ్లీ వేరే. టికెట్ ధర చూసి సంబరపడకుండా దీన్ని ముందే కలుపుకోండి. అత్తయ్య వాళ్లకి బాల్కనీ గది తీసుకున్నాం, మేం ముగ్గురం కిటికీ లేని గదిలో సర్దుకున్నాం. ఆ బాల్కనీకి పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమే, మావయ్య పొద్దున ఐదింటికే కుర్చీ వేసుకుని సముద్రం చూస్తూ కూర్చునేవారు.

ఇక మేం చేసిన అసలు పొరపాటు. చెక్-ఇన్‌లో ఖాతాకి ఏ కార్డు కలపమంటారు అంటే ఫారెక్స్ కార్డు ఇచ్చాను, ఉన్న డబ్బే కదా వాడుకుందాం అని. వాళ్లు ప్రతి రాత్రీ మన ఖర్చుని బట్టి కొంత మొత్తాన్ని ఆ కార్డులో బ్లాక్ చేస్తూ పోతారు. మూడో రోజుకి 640 డాలర్లు ఇరుక్కుపోయాయి. ఆఖరి రాత్రి బిల్లు 590 వస్తే, దాన్ని ఆ బ్లాక్ చేసినదాంట్లోంచి కాకుండా కొత్తగా తీయబోయారు, ఖాళీగా ఉన్నది 360 మాత్రమే. కార్డు చెల్లలేదు, కౌంటర్‌కి రండి అని తలుపు దగ్గర చీటీ. రాత్రి పదకొండింటికి 50 నిమిషాలు లైన్లో నిలబడ్డాం, ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. మా ఆయన క్రెడిట్ కార్డుతో కట్టి బయటపడ్డాం. ఆ 640 మళ్లీ మా చేతికి రావడానికి ఇంటికొచ్చాక తొమ్మిది రోజులు పట్టింది. షిప్పుకి క్రెడిట్ కార్డే ఇవ్వండి, విదేశీ ఖర్చు మీద మూడున్నర శాతం చార్జీ, దాని మీద జీఎస్టీ పడినా సరే. లేదంటే మొదటి రోజే కౌంటర్‌లో డాలర్లు డిపాజిట్ చేసి ఖాతాలో వేయించుకోవచ్చు, మిగిలితే తిరిగిచ్చేస్తారు. మేం తీసుకెళ్లిన 1,000 డాలర్ల నోట్లకి అసలైన ఉపయోగం అదే, మాకు అప్పుడు తట్టలేదు.

పెనాంగ్‌లో షిప్పు స్వెటెన్‌హామ్ పియర్‌కే ఆనుకుంటుంది, గేటు దాటితే జార్జ్‌టౌన్. టూర్ కొనే పనే లేదు, నడిచి చూసే ఊరు. లెబు పాసర్ వీధిలో అరిటాకు భోజనం ఐదుగురికి 75 రింగిట్లు, రెండు సైకిల్ రిక్షాలకి బేరమాడితే 80, చెండోల్ (ఐసు, కొబ్బరి పాలతో చేసే తీపి) ఐదు కప్పులకి 25. సాయంత్రం క్వీన్ స్ట్రీట్‌లో మహామారియమ్మన్ గుడికి వెళ్లాం, 1833 నాటిది. హారతి పళ్లెంలో 10 వేశాం. తెచ్చిన 197లో 7 మిగిలాయి. రిక్షావాళ్లూ, చెండోల్ బండివాళ్లూ నోట్లే అడిగారు.

ఆ గుడి దగ్గరే అత్తయ్య నన్ను పక్కకు పిలిచి, "అమ్మాయ్, హారతికి వెయ్యాలన్నా, కొబ్బరి నీళ్లు తాగాలన్నా నిన్నో వాణ్ణో అడగాల్సొస్తోంది. నా చేతిలో కూడా నాలుగు డబ్బులుంచమ్మా" అన్నారు. నాకు చాలా బాధేసింది. ఇంట్లో ఏనాడూ ఎవరినీ చెయ్యి చాచి అడగని మనిషి. డబ్బంతా ఒకే బ్యాగులో పెడితే సేఫ్ అనుకున్నానే తప్ప ఈ సంగతి ఆలోచించలేదు. ఆ తర్వాత ఫుకెట్‌లో డబ్బు మార్చగానే ఇద్దరికీ విడివిడిగా చిన్న నోట్లు ఇచ్చేశాను. తప్పిపోయినా పనికొస్తాయి.

ఫుకెట్ వేరే తరహా. పెద్ద షిప్పు ఒడ్డుకి రాదు, పటోంగ్ బీచ్ ముందు సముద్రంలో ఆగుతుంది, చిన్న పడవల్లో తీసుకెళ్తారు. ఒడ్డున దిగేసరికి మా దగ్గర ఒక్క బాటు లేదు, మావయ్యకి అర్జంటుగా బాత్రూం. అక్కడ మనిషికి 20 బాట్లు, కార్డు తీసుకోరు. ఎదురుగా ఎక్స్చేంజ్ కౌంటర్‌లో నా 100 డాలర్ల నోటు ఇస్తే ఆ అమ్మాయి లైటు కింద పెట్టి చూసి, అంచు మీద గోరంత నీలం స్టాంపు గుర్తు చూపించి వెనక్కి ఇచ్చేసింది. రెండోది శుభ్రంగా ఉంటే తీసుకుని 3,320 బాట్లిచ్చింది. 20, 10 డాలర్ల నోట్లకి అక్కడ రేటు తక్కువ, బోర్డు మీదే మూడు వరసల్లో రాసి ఉంటుంది. మారకానికి పెద్దవి, మచ్చలేనివి ఉండాలి. ఇంటి దగ్గర కొనేటప్పుడే ఒక్కో నోటూ తిప్పి చూసుకోండి, గుర్తులుంటే మార్చమని గట్టిగా అడగండి. ఏటీఎంలో తీద్దామన్నా అక్కడ విదేశీ కార్డుకి ఒక్కసారికి 200 బాట్ల పైనే చార్జీ.

షిప్పువాళ్ల టూర్ ఐదుగురికి చాలా ఎక్కువ అయ్యేది, దాన్ని వదిలేసి బీచ్ రోడ్డులో వ్యాన్ మాట్లాడుకున్నాం, నాలుగు గంటలకి 2,000 బాట్లు. కరోన్ వ్యూపాయింట్, వాట్ చలోంగ్ చూపించి చెప్పిన టైముకి పడవ దగ్గర దించాడు. కొబ్బరి బోండాలు 300, బాత్రూం 100, భోజనం 750, చివరికి 170 మిగిలాయి. సొంతంగా వెళ్తే మాత్రం ఆఖరి పడవకి రెండు గంటలు ముందే రండి, లైను చాలా పొడుగ్గా ఉంటుంది, ఎండ.

మొత్తం మీద 1,000 డాలర్ల నోట్లలో మార్చింది 100, గది శుభ్రం చేసిన అబ్బాయికి ఇచ్చింది 20. మిగతా 880 అలాగే తిరిగొచ్చాయి, అమ్మితే డాలర్‌కి 85 రూపాయల 50 పైసలు ఇచ్చారు, అంటే ఊరికే మోసినందుకు 2,640 రూపాయలు పోయాయి.

ఇదే రూటులో మా మరిది వాళ్లు నలుగురు వెళ్తున్నారు. వాళ్లకి నేను రాసిచ్చింది ఇదీ: 100 డాలర్ల నోట్లు మూడు, అవి కొత్తవై ఉండాలి. సింగపూర్ డాలర్లు 250. ముస్తఫా దగ్గర 200 రింగిట్లు, 3,000 బాట్లు, అందులో సగం చిన్న నోట్లు. రెండు క్రెడిట్ కార్డులు, ఇద్దరి పర్సుల్లో ఒక్కోటి. మిగిలిపోయిన 7 రింగిట్లూ 170 బాట్లూ అత్తయ్య తన చిన్న సంచీలో దాచారు, చిల్లర నాణేలు ఇక్కడ ఎవరూ మార్చరు కదా, ఆ సంచీ కూడా వాళ్లకే ఇచ్చి పంపిస్తున్నారు.