మ్యూనిక్ నుంచి కార్వెండెల్ కంకర దార్లు: కొన్నేళ్లు తొక్కాక నా రివ్యూ

మ్యూనిక్ లో మనవాళ్లు చాలామంది ఈమధ్య గ్రావెల్ బైక్ లు (కంకర దార్లలోనూ తొక్కేలా చేసిన సైకిళ్లు) కొంటున్నారు, కొన్నాక అందరూ అడిగేది ఒకటే, కార్ల గోల లేకుండా కొండల్లో ఎక్కడ తొక్కొచ్చు అని. నేను కొన్నేళ్లుగా సీజన్ మొదలైతే చాలు, వీలు దొరికినప్పుడల్లా జర్మనీ అంచున ఉన్న మిట్టెన్‌వాల్డ్ ఊరికి రైలెక్కేసి, ఆస్ట్రియా బోర్డర్ మీదున్న కార్వెండెల్ కొండల్లోనే తిరుగుతున్నా, కాబట్టి ఏ దారి ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు రాస్తున్నా. ముందే చెప్పేస్తా, అందరూ ఆహా ఓహో అనే, కొండల చుట్టూ తిరిగొచ్చే పెద్ద రౌండ్ కంటే, వెళ్లిన దార్లోనే వెనక్కొచ్చే లోయ దార్లే నాకు ఎక్కువ నచ్చాయి.

మొదట హింటరౌటాల్ లోయ. మిట్టెన్‌వాల్డ్ లో దిగి ఈజార్ నది పక్కనే ఆరేడు కిలోమీటర్లు తొక్కితే బోర్డర్ దాటి షార్నిట్జ్ వస్తుంది, అది ఆస్ట్రియా, టిరోల్ రాష్ట్రం. ఊరు దాటాక గేటు, అక్కడితో మామూలు కార్లు ఆగిపోతాయి. లోపలికి ఫారెస్ట్ వాళ్ల బండ్లు, పైన పశువుల్ని మేపే రైతుల బండ్లు, ఎప్పుడైనా పర్మిషన్ ఉన్న టాక్సీ, అంతే. అక్కడి నుంచి కాస్టెన్‌ఆల్మ్ అనే పశువుల మేత మైదానం దాకా ఇంచుమించు 14 కిలోమీటర్లు, షార్నిట్జ్ 964 మీటర్లు, కాస్టెన్‌ఆల్మ్ 1220 దగ్గర, అంటే ఎత్తు తేడా పెద్దగా ఏం లేదు, కానీ మొదట్లో నది లోతైన ఇరుకు కోనలో పారుతుంది కాబట్టి దారి పైపైకి వెళ్లి మళ్లీ దిగుతుంది, ఆ ఎక్కుడు దిగుళ్లకే కాళ్లు కొంచెం పట్టేస్తాయి. తర్వాత లోయ విచ్చుకుంటుంది, ఇక దారి నది పక్కనే.

ఈ నది మ్యూనిక్ లో మనం వీకెండ్ లో గట్టు మీద కూర్చునే ఈజారే. దాని పుట్టుక ఇక్కడే, సుమారు 1160 మీటర్ల ఎత్తులో, గడ్డి మధ్యలో నాలుగైదు చోట్ల నీళ్లు ఊరి సన్న కాలవలుగా కలుస్తాయి, మొత్తం 290 కిలోమీటర్లకు పైగా పారి డెగ్గెన్‌డార్ఫ్ దగ్గర డాన్యూబ్ లో కలుస్తుంది. ఆ కాలవల్లో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున ఒక్కో రాయి విడివిడిగా కనిపిస్తుంది, చెయ్యి పెడితే నిమిషం కూడా ఉంచలేం. నేను ఎన్నిసార్లు వెళ్లినా అక్కడ బైక్ పక్కన పడేసి కాసేపు కూర్చోకుండా ముందుకెళ్లను. కాస్టెన్‌ఆల్మ్ దాటాక దారి గ్రావెల్ బైక్ కి పనికొచ్చేది కాదు, అక్కడే తిప్పేయడం మంచిది.

దారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బైక్ కొనేటప్పుడు షాపుల్లో ఇది ఎవరూ చెప్పరు. ఇదంతా సున్నపురాయి కొండ. కంకర తెల్లగా, అంచులు పదునుగా ఉంటుంది, నది గులకరాళ్లలా నున్నగా ఉండదు. మంచి సంగతేంటంటే వాన పడ్డా నీళ్లు నిలవవు, గంటో రెండు గంటలో దారి మళ్లీ గట్టిపడుతుంది, బురదతో బైక్ నిండిపోవడం చాలా తక్కువ. ఇబ్బంది ఏంటంటే టైర్లు త్వరగా కోసుకుపోతాయి. నా బైక్ తో వచ్చిన 38 మిల్లీమీటర్ల టైర్లు మ్యూనిక్ అడవుల్లో హాయిగా ఉండేవి, ఇక్కడ మాత్రం ప్రతి రాయీ చేతులకి తెలిసేది, 45 ట్యూబ్‌లెస్ కి మారాక చేతులకి హాయి, పంక్చర్ల బెడదా బాగా తగ్గింది. వసంతంలో మంచు కరిగాక దార్లు బాగుచేస్తూ కొత్త కంకర పోస్తారు, రోలర్ తిరగని చోట అయితే మరమరాల బస్తా మీద తొక్కినట్టే, ముందు చక్రం దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది. అలాంటి చోట బరువు వెనక్కి వేసి, హ్యాండిల్ గట్టిగా బిగించకుండా వదులుగా పట్టుకుని మెల్లగా తొక్కుతూ పోవడమే.

రెండోది కార్వెండెల్‌టాల్ లోయ. ఇదీ షార్నిట్జ్ నుంచే, కార్వెండెల్‌హౌస్ అనే హట్ (కొండ మీద తిండీ బసా దొరికే ఇల్లు) దాకా సుమారు 18 కిలోమీటర్లు, ఎక్కేది 800 మీటర్లు. లోయలో ఎక్కువ భాగం నెమ్మదైన ఎక్కుడే, లార్చెట్‌ఆల్మ్ దాటాక రెండు పక్కలా రాతి గోడలు లేస్తాయి, చివర్లో మలుపులు మలుపులుగా ఏటవాలు ఎక్కుతుంది, అక్కడ చిన్న గేర్ లేకపోతే దిగి తొయ్యాల్సిందే. ముందు 40 పళ్లు, వెనక 42 ఉంటే కూడా చివరి మలుపుల్లో నాకు ఊపిరి అందదు, లోడ్ ఉంటే ఇంకా చిన్న గేర్ కావాలి. పైన 1770 మీటర్ల దగ్గర హట్, బయట బెంచీ మీద కూర్చుంటే వచ్చిన లోయంతా కింద కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ పెద్ద రౌండ్ సంగతి. హట్ నుంచి కొంచెం పైకి 1803 మీటర్ల హోఖ్‌ఆల్మ్‌సాటెల్ కనుమ దాటి, అటు క్లైనర్ ఆహోర్న్‌బోడెన్ అనే చిన్న మేపుల్ మైదానానికి దిగి, యోహానెస్‌టాల్ లోయ గుండా హింటర్‌రిస్, అక్కడి నుంచి ఫోర్డర్‌రిస్, వాల్‌గౌ, క్ర్యూన్ మీదుగా మిట్టెన్‌వాల్డ్, మొత్తం 70 కిలోమీటర్ల పైనే. కనుమ దాటాక 400 మీటర్ల దిగుడు, రాళ్లు వదులుగా ఉంటాయి, వెనక చక్రం ఊరికే జారుతుంది, మౌంటెన్ బైక్ వాళ్లకి ఆట, గ్రావెల్ బైక్ మీద బ్రేకులు పట్టీ పట్టీ వేళ్లు తిమ్మిరెక్కుతాయి. క్లైనర్ ఆహోర్న్‌బోడెన్ మాత్రం నిజంగా చూడాల్సిందే, ముసలి మేపుల్ చెట్లు పచ్చికలో దూరం దూరంగా నిలబడి ఉంటాయి, అక్టోబర్ మొదట్లో పసుపెక్కితే ఇంక చెప్పక్కర్లేదు. కానీ హింటర్‌రిస్ లో తారు రోడ్డెక్కగానే కథ మారిపోతుంది. అది ఎంగ్ లోని పెద్ద మేపుల్ మైదానానికి వెళ్లే రోడ్డు, మంచి ఎండ ఉన్న ఆదివారం కార్లూ మోటార్ సైకిళ్లూ ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఫోర్డర్‌రిస్ నుంచి వాల్‌గౌ దాకా టోల్ రోడ్డు, కొంచెం నయం, అందంగానూ ఉంటుంది, అయినా కార్లు కార్లే. పొద్దున్నుంచీ పక్షుల కూతలూ ఆవుల గంటలూ తప్ప ఏమీ వినని చెవులకి ఆ ఇంజన్ల మోత మహా చిరాకు. ట్రాఫిక్ లేని దారి కోసమే వెళ్లేవాళ్లకి ఇది సగం దారే అని నా అభిప్రాయం. హట్ దాకా ఎక్కి అటే వెనక్కి దిగండి, పొద్దున చూసిన లోయే సాయంత్రం వెలుతుర్లో ఇంకోలా ఉంటుంది, నిజంగా.

ఆ టోల్ రోడ్డు పక్కన ఈజార్ ని చూస్తే ఇంత పెద్ద రాళ్ల మేటలో ఇంత తక్కువ నీళ్లేంటి అనిపిస్తుంది. క్ర్యూన్ దగ్గర ఆనకట్ట కట్టి నీళ్లని వాల్హెన్‌జే సరస్సు దగ్గరి కరెంటు ప్లాంటుకి మళ్లించారు, 1924 నుంచీ ఇదే. చాలా దశాబ్దాల పాటు ఆనకట్ట దిగువన ఏరు ఎండిపోయేది, 1990 నుంచి కొంత నీరు తప్పకుండా వదులుతున్నారు.

రూల్స్ విషయం మాత్రం సీరియస్ గా తీసుకోండి. బవేరియాలో (మ్యూనిక్ ఉన్న జర్మనీ రాష్ట్రం) రాష్ట్ర రాజ్యాంగమే ప్రకృతిలో తిరిగే హక్కు ఇచ్చింది, బైక్ కి అనువైన దారి అయితే సాధారణంగా తొక్కొచ్చు. బోర్డర్ దాటి ఆస్ట్రియాలోకి వెళ్లగానే అలా కాదు, అక్కడి 1975 అటవీ చట్టం నడిచేవాళ్లకి అడవి తెరిచింది కానీ బైక్ కి దారి ఓనర్ ఒప్పుకోవాలి. టిరోల్ లో ప్రభుత్వం ఓనర్లతో ఒప్పందాలు చేసుకుని కొన్ని దార్లని బైక్ రూట్లుగా తెరిచింది, నంబర్ బోర్డులు ఉంటాయి, నీలం సులువు, ఎరుపు మధ్యస్తం, నలుపు కష్టం. యాప్ లో గీత కనిపించినంత మాత్రాన వెళ్లొచ్చని కాదు, బోర్డు ఉందో లేదో చూడండి. మనం రూల్ తప్పితే ఆ ఓనర్ రేపు అందరికీ దారి మూసేస్తాడు, అదే నా భయం.

ఆవుల గురించి కూడా. వేసవిలో మందలు దారి మీదే పడుకుంటాయి. దూరం నుంచే స్పీడ్ తగ్గించి, దూడ ఉన్న ఆవు అయితే బైక్ దిగి, తల్లికీ దూడకీ మధ్యలోకి పోకుండా చుట్టూ తిరిగి నడవండి. ఆవులు దాటకుండా దారికి అడ్డంగా వేసిన ఇనప కడ్డీల గ్రిల్ వస్తే చక్రం తిన్నగా ఉంచి దాటాలి, తడిగా ఉన్నప్పుడు దాని మీద హ్యాండిల్ తిప్పితే పడిపోవడమే.

మూడోది బవేరియా వైపు, కార్వెండెల్ పక్కనే ఉన్న వెట్టర్‌స్టైన్ కొండల్లో, ఎల్మౌ నుంచి షాఖెన్. 2015, 2022 జీ7 మీటింగులు జరిగిన ఎల్మౌ నుంచి పది కిలోమీటర్లు, 850 మీటర్లు పైకి, మధ్యలో రెస్ట్ ఇచ్చే చోట్లు తక్కువ. పైన బవేరియా రాజు రెండో లుడ్విగ్ కట్టించిన చెక్క ఇల్లు ఉంది, బయటికి మామూలుగా కనిపిస్తుంది, మేడ మీద మాత్రం బంగారు రంగు టర్కిష్ హాలు, ఆయన పుట్టినరోజులు అక్కడే చేసుకునేవాడట. పై భాగంలో రాళ్లు పెద్దవి, దిగేటప్పుడు మెల్లగా రండి, నడిచేవాళ్లు చాలామంది ఉంటారు, బెల్ తప్పనిసరి.

తిండి సంగతికి వస్తే, గుడ్డు తినే శాకాహారులకి హట్ లలో చీజ్ నూడుల్స్ లాంటి కేజ్‌ష్పెట్జ్లే, ముక్కలు చేసిన తీపి అట్టు కైజర్‌ష్మార్న్ దొరుకుతాయి, పచ్చిక మీద హట్ అయితే మజ్జిగ అడగండి, చల్లగా చిక్కగా ఉంటుంది, ఉప్పు మనమే తెచ్చుకోవాలి. నేను పులిహోర డబ్బా లేకుండా వెళ్లను, చెడిపోదు, చల్లారినా బాగుంటుంది. క్యాష్ ఉంచుకోండి. నీళ్లు కూడా రెండు సీసాలు నింపుకోండి, సున్నపురాయి కొండ కాబట్టి మ్యాప్ లో వాగు ఉన్నా ఆగస్టులో ఎండిపోయి ఉండొచ్చు.

రైలు మ్యూనిక్ నుంచి రెండు గంటల లోపే. డాయిష్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్లకి పనికొచ్చే నెల టికెట్) లో బైక్ రాదు, దానికి వేరే టికెట్ తియ్యాలి. గార్మిష్ లో కొన్ని రైళ్లు రెండుగా విడిపోతాయి, ఎక్కేటప్పుడే మిట్టెన్‌వాల్డ్ పెట్టె చూసుకుని బైక్ పెట్టండి. శనాదివారాలు తొమ్మిది దాటితే బైక్ పెట్టే చోటు దొరకదు, ఆరింటి రైలే నయం, పైగా జులై ఆగస్టుల్లో మధ్యాహ్నం మూడు తర్వాత ఉరుములు మొదలవుతాయి, అప్పటికి కిందికి వచ్చేసి ఉండాలి. హోఖ్‌ఆల్మ్‌సాటెల్ వైపు జూన్ లో కూడా నీడ పట్టున మంచు ఉంటుంది, హింటరౌటాల్ మాత్రం మామూలుగా అంతకంటే ముందే తొక్కొచ్చు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అటే వెళ్లండి.