వలస పిట్టల కోసం పెరట్లో ఏది మేలు: గింజలా, నీళ్లా, పొదలా?

వానలు తగ్గుముఖం పట్టే వేళకు అనంతపురంలో పక్షులంటే మక్కువ ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఉత్తరం నుంచి దిగివచ్చే చిన్న పాటపిట్టలు మన పెరట్లో ఆగాలంటే గింజలు చల్లాలా, నీళ్లు పెట్టాలా, మొక్కలు పెంచాలా?

గింజల సంగతి త్వరగానే తేలిపోతుంది. కొర్రలు, సజ్జలు చల్లితే వచ్చేవి పిచ్చుకలు, గువ్వలు. అవి ఏడాది పొడవునా మనతో ఉండేవే. వలస వచ్చే గులాబి గోరువంకల గుంపులు జొన్న కంకుల మీద వాలే మాట నిజమే కానీ, అవి వెతుక్కునేది చేనును, పెరడును కాదు.

నీళ్లకు గట్టి గుణమే ఉంది. వెడల్పాటి మట్టి మూకుడును కడప బండ మీద పెట్టి, రెండు వేళ్ల మందానికి మించకుండా నీళ్లు పోస్తే, ఆకుల చాటున దాగే పిట్ట కూడా స్నానానికి బయటికి వస్తుంది. దోమలు పెరగకుండా రెండు రోజులకొకసారి నీళ్లు మార్చాలి. అయితే మన జిల్లాలో వాన ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే కనుక, వేసవిలో ప్రాణం నిలిపే ఆ మూకుడుకు, గుంటల్లో నీళ్లున్న ఈ రోజుల్లో పిట్టను రప్పించే శక్తి తక్కువ.

నా మొగ్గు పొదల వైపే. బ్లైత్ రీడ్ వార్బ్లర్, గ్రీనిష్ వార్బ్లర్ వంటివి పది గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగే పిట్టలు. రాత్రంతా ఎగిరి, ఒంట్లోని కొవ్వు కరిగించుకుని, తెల్లవారగానే ఆకలితో దిగుతాయి. వాటి తిండి పురుగులు, సాలీళ్లు. కాబట్టి పెరట్లో పురుగు ఉందా లేదా అన్నదే అన్నిటినీ మించిన ప్రశ్న. కత్తిరించకుండా వదిలిన గోరింట కంచె, నిమ్మ, దానిమ్మ, వాటిపై అల్లుకున్న ఏదో ఒక తీగ చాలు. మందు కొట్టిన చెట్టు ఎంత పచ్చగా ఉన్నా వాటికి ఎండిన చెట్టుతో సమానమే. కింద రాలిన ఆకులను ఊడ్చి తగులబెట్టకూడదు; దక్షిణానికి పోతూ ఒకటి రెండు రోజులు ఆగే పొన్నంగి పిట్ట మేత వెతికేది ఆ ఆకుల కిందే.

పెరడు లేనివారికి మిద్దె పిట్టగోడ ఉంది. తోక ఆడిస్తూ బ్లాక్ రెడ్‌స్టార్ట్ అనే వలస పిట్ట అక్కడికీ రావచ్చు.

పొదలూ నీళ్లూ రెండూ పెట్టగలిగితే మూకుడును కంచెకు నాలుగైదు అడుగుల దూరంలో ఉంచండి. మరీ దగ్గరైతే పిల్లి పొదలో పొంచి ఉంటుంది, మరీ దూరమైతే పిట్ట బయటికి రావడానికి జంకుతుంది. ఉదయం తొమ్మిది లోపే కూర్చోండి. కంచెలో నుంచి "చక్, చక్" అని తెగి తెగి వినిపిస్తే, రీడ్ వార్బ్లర్ దిగిందన్నమాట.