మూలాపేట మిద్దె మీద కలంకారీ: రెండు ఆదివారాలు, ఒక శనివారం సాయంత్రం

నెల్లూరులో బొమ్మలు వేయడం నేర్చుకోవాలంటే ఇన్నాళ్ళూ నాకు తెలిసినవి రెండే దారులు. పిల్లలైతే వేసవి సెలవుల్లో డ్రాయింగ్ క్లాసు, పెద్దవాళ్ళైతే యూట్యూబ్. అందుకే మూలాపేటలో నలుగురు ఆర్టిస్టులు కలిసి ఒక పాత మిద్దె అద్దెకు తీసుకుని ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారని, నెలకోసారి మనలాంటి వాళ్ళకి వర్క్‌షాపు కూడా పెడుతున్నారని మా స్కూల్లో తోటి టీచర్ చెప్పగానే ఫోన్ చేసి పేరు రాయించుకున్నాను. జూన్‌లో రెండు ఆదివారాలు కలంకారీ నేర్చుకున్నాను. ఆ నెల చివరి శనివారం వాళ్ళు అందరికీ తలుపులు తీసిపెట్టే సాయంత్రానికి మా అత్తమ్మనీ పాపనీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ మూడు రోజుల గురించే రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

ముందొక పాత సంగతి చెప్పాలి. పోయినేడు వేరే చోట, పేరు చెప్పను, ఒక ఆర్ట్ వర్క్‌షాపుకి వెళ్ళాను. ఏసీ హాలు, స్పీకర్లలో పాటలు, బల్ల మీద ముందే గీసిపెట్టిన బొమ్మ, పక్కన నంబర్లు వేసిన రంగు డబ్బాలు. రెండు గంటల్లో నింపేసి ఫొటో దిగి వచ్చేశాం. ఆ బొమ్మ ఇప్పటికీ మా హాల్లోనే ఉంది కానీ అది చూసినప్పుడల్లా నేను వేశానని అనిపించదు. డబ్బు పోయిందని కాదు బాధ, ఏమీ తెలుసుకోకుండా వచ్చానే అని. అందుకే ఈసారి ఫోన్‌లోనే అడిగాను, బొమ్మ ముందే గీసి ఇస్తారా అని. "లేదక్కా, గుడ్డ ఉతకడం దగ్గర్నుంచి మీరే. రెండో ఆదివారం సాయంత్రానికి కూడా పూర్తవుతుందని మాట ఇవ్వలేం" అన్నాడు అవతలి అబ్బాయి. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

నేర్పడానికి శ్రీకాళహస్తి నుంచి ఒక కలంకారీ కళాకారుడు వచ్చారు. అరవై దాటిన మనిషి, తెల్లారి బండికే వచ్చి మేం వెళ్ళేసరికి మిద్దె మీద కుండలు సర్దుకుంటున్నారు. మొదటి రోజు పొద్దున పని ఏంటంటే గంజి పోయేదాకా ఉతికిన ముతక నూలు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేయడం. చెయ్యి పెడితే జిగట, కాసేపటికి పాల వాసన మొదలు. ఎందుకు పాలు అని అడిగితే ఆయన ఓపిగ్గా చెప్పారు. కరక్కాయలో ఉండే వగరు రంగుని పట్టి ఉంచుతుంది, పాలలో ఉండే వెన్న రంగు పక్కకి పాకకుండా ఆపుతుంది. పాలు తగ్గితే గీత అంచు చెదిరిపోతుందట. దగ్గొస్తే బుగ్గన పెట్టుకునే కరక్కాయకి ఇంత పని ఉందని నాకు నలభై నాలుగేళ్ళకి తెలిసింది.

జూన్ ఎండ కాబట్టి గంటలోపే ఆరిపోయాయి. ఆ తర్వాత చింతబరికెలు కాల్చి చేసిన బొగ్గుతో బొమ్మ గీసుకోవడం. నేను నెమలి గీశాను, పక్కనావిడ వినాయకుడు, ఒక ఇంజినీరింగ్ కుర్రాడు పట్టుబట్టి వాళ్ళ తాత మొహం. కలం అంటే ఏదో అనుకున్నాను, ఒక వెదురు పుల్ల కొస చెక్కి, దానిపైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగించిందే కలం. ఆ గుడ్డ రంగుని తాగుతుంది, వేళ్ళతో నొక్కితే కొసకి దిగుతుంది. "పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోవద్దమ్మా, మేకకి పాలు పిండినట్టు మెత్తంగా నొక్కాల" అన్నారాయన. మొదటి పది గీతల్లో తొమ్మిది మరకలే. పదకొండోది కొంచెం గీతలా వచ్చింది.

నల్లరంగు సంగతి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. దాన్ని కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూడు వారాలు పులియబెడతారు. స్టూడియో వాళ్ళు మా కోసం మే నెలాఖరుకే కుండ పెట్టేశారు. గుడ్డ మీద పెట్టగానే లేత గోధుమ రంగులో నీళ్ళలా కనిపిస్తుంది. చూస్తూ ఉండగానే కరక్కాయ వగరు తగిలి నల్లగా తేలుతుంది. మేం పదిహేనుమందిమీ ఒక్కసారి అలా వంగి చూస్తూ ఉండిపోయాం. మాట్లాడింది ఆయనొక్కరే, ఈ కళ 1950ల నాటికి దాదాపు ఆగిపోయే స్థితికి వస్తే చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ లాంటి వాళ్ళ చొరవతో కాళహస్తిలో శిక్షణ మొదలైందని, అదే ఊరి జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు వీధంతా పండగ చేసుకున్నామని చెప్పుకొచ్చారు.

ఎర్రరంగు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి ఆ రోజుకి ఆపేశారు. అది వారం అలాగే ఉండాలి. రెండో ఆదివారం ఆ గుడ్డని ఉతికి, మంజిష్ఠ వేరు వేసిన రాగి కాగులో ఉడకేస్తే పటిక పూసిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది ఉతికితే వదిలేస్తుంది. ఇక్కడే అసలు ఇబ్బంది వచ్చింది. ఉతకడానికి పారే నీళ్ళు కావాలి. కాళహస్తిలో స్వర్ణముఖిలో ఉతుకుతారు, ఎక్కువైన పటిక ప్రవాహంలో కొట్టుకుపోతుంది. మిద్దె మీద మాకున్నవి రెండు ప్లాస్టిక్ తొట్లు, ఒక కొళాయి. అదీ పదకొండుకల్లా సన్నగిల్లింది. పదిహేనుమంది గుడ్డలు అవే నీళ్ళలో జాడించేసరికి ఒకరి గుడ్డలోంచి పోయిన పటిక ఇంకొకరి గుడ్డకి అంటుకుంది. నా నెమలి తోక పక్కన తెల్లగా ఉండాల్సిన చోటంతా లేత ఎర్ర మచ్చలు. నాకు చాలా కష్టం అనిపించింది, దాచను. ఇది ముందే తెలిసిన సమస్యే కదా, జూన్‌లో నెల్లూరు కొళాయిల పరిస్థితి ఎవరికి తెలియదు? ట్యాంకర్ చెప్పుకుని ఉండాలి, లేదా ఈ ఒక్క వర్క్‌షాపుని పెన్నలో నీళ్ళు ఉండే కాలానికి మార్చాలి. నేను అదే మాట నేరుగా చెప్పాను. వాళ్ళు సాకులు చెప్పలేదు, రాసుకున్నారు.

ఇంకో లోపం కూడా ఉంది. పదిహేనుమంది ఎక్కువ. గురువు ఒక్కరే, వెనక వరసలో వాళ్ళకి ఆయన చెయ్యి కదలిక కనపడలేదు, ఆయన లేచి తిరిగి చూపించేసరికి వాళ్ళ కసిమి అప్పటికే గుడ్డ మీద పాకిపోయింది. పదిమంది చాలు. అయితే ఫీజు పెరుగుతుంది, ఆ లెక్క కూడా నాకు తెలుసు, ఎలాగంటే అది గోడ మీద నల్లబల్లకి రాసిపెట్టారు.

ఆ నల్లబల్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనిషికి 1,500 చొప్పున పదిహేనుమందికి 22,500. అందులో కళాకారుడికి 12,000, గుడ్డ, కరక్కాయ, పాలు, వేర్లు, కట్టెలు అన్నిటికీ కలిపి 5,500, టీలు, మధ్యాహ్నం పులిహోర 1,500, మిగిలిన 3,500 స్టూడియోకి. మిద్దె అద్దె నెలకి 14,000, నలుగురూ సమానంగా పంచుకుంటారు, అంటే ఒక్క వర్క్‌షాపుతో ఒకరి వాటా వెళ్ళిపోతుంది. నేను వెళ్ళిన ఏ వర్క్‌షాపులోనూ నేర్పే మనిషికి ఎంత ఇస్తున్నారో ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ఆ అంకె అందరి ముందూ ఉంది, ఆయనా చూశారు, మేమూ చూశాం. పదిమందికి తగ్గించి ఆయన 12,000 తగ్గకుండా ఉండాలంటే ఫీజు రెండు వేలు దాటాలి. నేనైతే సంతోషంగా ఇస్తాను. నాలుగు వందలకి, ఐదు వందలకి వచ్చే పిల్లల క్లాసులు వేరే ఉన్నాయి కాబట్టి దీని ఫీజు పెంచితే తప్పులేదని నా అభిప్రాయం.

ఆ నలుగురు ఆర్టిస్టుల్లో రంగులు వేసే అమ్మాయి మాటల్లో చెన్నై దగ్గర ఆర్టిస్టులు కట్టుకున్న ఊరు చోళమండలం ఊసెత్తింది. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్‌తో కలిసి మద్రాసు ఆర్టిస్టులు ఇంజంబాక్కంలో సముద్రం ఒడ్డున స్థలం కొనుక్కున్నారు, ఆ డబ్బు బాతిక్ (గుడ్డ మీద మైనం పూసి రంగులద్దే పని) లాంటి చేతిపనులు అమ్మి కూడబెట్టిందే. చేతిపని బొమ్మల్ని పోషిస్తుందని వాళ్ళు అప్పుడే చేసి చూపించారంటుంది ఆ అమ్మాయి. మా ఆయన చెన్నైలో పనిచేసిన రోజుల్లో నేను రెండుసార్లు అక్కడికి వెళ్ళాను, ఆ చెట్ల కింద శిల్పాలు గుర్తున్నాయి గానీ వెనక ఈ కథ ఉందని తెలియదు. నెల్లూరులో స్థలం కొనడం వీళ్ళ వల్ల ఇప్పట్లో అయ్యే పని కాదు. అద్దె మిద్దె అయినా నిలబడాలని మాత్రం గట్టిగా కోరుకుంటున్నాను.

శనివారం సాయంత్రం సంగతి. ఐదు నుంచి ఎనిమిది దాకా, టికెట్ లేదు, పేరు రాయించుకునే పని లేదు. నలుగురూ వాళ్ళ వాళ్ళ మూలల్లో నిజంగా పని చేస్తూ ఉంటారు, మనం వెళ్ళి పక్కన నిలబడి చూడొచ్చు, అడగొచ్చు. లినోలియం చెక్కి అచ్చు వేసే అబ్బాయి మా పాప చేతికి రోలర్ ఇచ్చి ఇంకు పూయమన్నాడు. మట్టి పని చేసే ఆయన దగ్గర చవితి వినాయకుడి అచ్చు కోసం అప్పుడే ఆర్డర్లు మాట్లాడుకుంటున్నారు. ఉదయగిరి నుంచి వచ్చిన ఒకావిడ చెక్క గరిటెలు చెక్కుతూ కూర్చుంది. ఉదయగిరి చెక్క చెంచాలు మన జిల్లావే, పేరు మాత్రం చాలామందికి తెలుసు, చేస్తుండగా చూసిన వాళ్ళు తక్కువ. చిన్న చెంచా కాడ మీద తీగ నమూనా చెక్కడానికి ఆవిడ వాడింది ఒక పాత ఆకురాయి, ఒక చిన్న కత్తి. మా అత్తమ్మ అరగంట అక్కడే కూర్చుండిపోయింది. "యాడిదమ్మా చెక్క, కొండ మీదిదేనా, పులుసులో పెడితే వాసన రాదు గదా" అని ఒకటే ప్రశ్నలు. ఆవిడా విసుక్కోకుండా చెప్పింది. రెండు గరిటెలు కొన్నాం. కొనమని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం వచ్చిన వాళ్ళలో కింద వీధిలో ఇస్త్రీ బండి ఆయన ఉన్నాడు, గుడి నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు, పాల ప్యాకెట్లు చేతిలో పట్టుకునే వచ్చేసిన ఒక తాత ఉన్నాడు. ఎగ్జిబిషన్ అంటే వీళ్ళెవరూ గడప తొక్కరు. ఇక్కడ పని జరుగుతున్న చప్పుడు విని మెట్లెక్కారు. నాకు ఈ చోటు నచ్చడానికి పెద్ద కారణం ఇదే.

మెట్ల మాట వచ్చింది కాబట్టి: నిలువుగా, ఇరుగ్గా ఉన్నాయి, పట్టుకోవడానికి తాడు తప్ప ఏమీ లేదు. మా అత్తమ్మని ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. ఒక ఇనుప కమ్మీ బిగిస్తే పోతుంది, వెంటనే చేయాల్సిన పని. బాత్రూమ్ కింద ఒక్కటే, శుభ్రంగానే ఉంది. కారు తేవద్దు, ఆ సందులో పెట్టడానికి చోటు లేదు.

పదేళ్ళలోపు పిల్లల్ని కలంకారీకి తీసుకెళ్ళొద్దు, కాగు దగ్గర మంట ఉంటుంది, వాళ్ళకి లినో అచ్చుల క్లాసు బాగుంటుంది. పుట్టినరోజు కానుక కోసం ఏదో ఒకటి పూర్తి చేసి తెచ్చుకుందాం అనుకునే వాళ్ళకి కూడా ఇది సరిపడదు. నా గుడ్డలో పసుపు, నీలం ఇంకా వేయాలి, గురువు గారు ఒక సీసాలో కరక్కాయ పువ్వుతో చేసే పసుపు రంగు కొంచెం పోసిచ్చారు, ఎర్ర మచ్చల మీద తీగలు గీస్తే కలిసిపోతాయని కూడా చెప్పారు. రోజూ రాత్రి వంటిల్లు సర్దాక అరగంట కూర్చుంటున్నాను.

వచ్చే కలంకారీ సంక్రాంతి తర్వాతట, అప్పటికి నీళ్ళ ఏర్పాటు చూస్తామన్నారు. వెళ్ళేవాళ్ళు పాత బట్టలు కట్టుకుని వెళ్ళండి, కసిమి మరక ఏ సబ్బుకీ పోదు. ఒక టోపీ, ఒక నీళ్ళ సీసా కూడా పెట్టుకోండి, మిద్దె మీద నీడ తక్కువ.