మూడేళ్ళుగా నైట్ గార్డు పెట్టుకుని పడుకుంటున్నా: ఎడమ దవడకీ చెవికీ ఎంతవరకు పనికొచ్చిందంటే

మార్కులు ముందే వేసేస్తా, ఐదుకి మూడు. పొద్దున లేవగానే దవడ పట్టేసి ఉండే బాధకైతే నాలుగున్నర ఇవ్వొచ్చు, చెవిలో నొప్పికి మాత్రం ఒకటిన్నరే, అది కూడా మొహమాటానికి. నేను చెప్పేది పంటి డాక్టరు అచ్చు తీసుకుని చేయించి ఇచ్చే గట్టి అక్రిలిక్ గార్డు గురించి, అంటే రాత్రి నిద్రలో పళ్ళకి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు. ఆన్‌లైన్‌లో కొని వేడినీళ్ళలో ముంచి కొరికి సరిచేసుకునే మెత్తటి రకం కూడా వాడాను, దాని సంగతి కూడా చెప్తా.

నాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. సీజన్లో పొద్దున్నుంచి రాత్రి దాకా ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, కుడిచేత్తో తేజ రకం మిర్చి ఎన్ని టిక్కీలు (బస్తాలు), బాడిగ రకం ఎన్ని టిక్కీలు అని రాసుకోవడం నా పని. ఈ ఫోను సంగతి గుర్తుపెట్టుకోండి.

2021 దసరా వెళ్ళాక మొదలైంది. ఎడమవైపు కింది దవడలో సలుపు. పన్నులో మొదలై దవడ మూల దాకా పాకి, అక్కణ్ణుంచి చెవిలోకి దిగేది. చెవి లోపల ఎవరో బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకున్నట్టు ఉండేది, వదిలేది కాదు. కుడివైపు ఏమీ లేదు. ముఖం మధ్యలో సుద్దముక్కతో గీత గీసినట్టు ఎడమ సగమే. మా అమ్మ లవంగనూనె దూది పన్ను కింద పెట్టించింది, వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయించింది. తర్వాత చెవి డాక్టరు గారు ఆ నూనె చూసి నన్ను తిట్టిన తిట్టు ఇంకా గుర్తుంది, కాబట్టి మీరు మాత్రం ఆ పని చెయ్యకండి.

మొదట వెళ్ళింది మా వీధిలోని పంటి డాక్టరు దగ్గరికి. ఎక్స్‌రేలో చిన్న నీడ కనిపించిందని, చివరి పన్నుకి ముందున్నదానికి రూట్ కెనాల్ చేసి టోపీ తొడిగారు. నాలుగు వారాలు, నాలుగు సిట్టింగులు. నొప్పి తగ్గకపోగా పక్క పన్నుకి మారింది! అప్పుడు జ్ఞానదంతం పీకేద్దామన్నారు. ఆ మాట వినగానే నాకు ఒక లెక్క తట్టింది, నొప్పి పన్ను మార్చిన ప్రతిసారీ పీకించుకుంటూ పోతే చివరికి నోట్లో ఏం మిగులుతుంది? మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. ఆ పన్నుకి నిజంగా రూట్ కెనాల్ అవసరమో కాదో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు, నేనూ అడగడం మానేశాను.

కొత్తపేటలో చెవి ముక్కు గొంతు డాక్టరు గారు చెవిలో చూసి శుభ్రంగా ఉందన్నారు. శుభ్రంగా ఉంటే ఎందుకు నొస్తోందండీ అంటే, గుట్కా, ఖైనీ అలవాటుందా అని అడిగారు. లేదు సార్, వక్క నములుతా అన్నాను. వెంటనే ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి గొంతు లోపలంతా చూశారు. అప్పుడు నాకు చాలా టెన్షన్ వచ్చింది, తర్వాత ఆయన చెప్పింది విన్నాక దండం పెట్టాను. చెవి బాగానే ఉండి ఒక్క వైపే నొప్పి వదలకుండా ఉంటే నాలుక మొదట్లో, గొంతులో, టాన్సిల్ దగ్గర పుండో గడ్డో ఉందేమో చూడటం తప్పనిసరట, క్యాన్సర్ కొన్నిసార్లు చెవి నొప్పిగానే బయటపడుతుందట. నాకు ఏమీ లేదు. వక్క మాత్రం ఆ రోజే మానేశాను. ఈ నొప్పి ఉన్నవాళ్ళు గార్డు సంగతి తర్వాత, ముందు ఈ పరీక్ష చేయించుకోండి.

ఆ తర్వాత నరాల డాక్టరు, న్యూరాలజిస్టు. ఎమ్మారై తీయించారు, మామూలుగానే ఉంది. రెండు వారాలు కార్బమజెపైన్ అనే నరాల నొప్పి మందు వేసి చూద్దామన్నారు. మందు వేసుకున్న నాలుగో రోజుకే తల తిరుగుడు, మగత, కొట్లో 41 టిక్కీలని 14 అని రాశాను, షావుకారు గారు ఏమీ అనలేదు కానీ ఆ కాగితం నా ముందు పెట్టి ఊరుకున్నారు, అదే ఎక్కువ అనిపించింది. ఈ మందు వల్ల రక్తంలో సోడియం తగ్గిందేమో కూడా చూశారు. నొప్పిలో తేడా లేదు. ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే ముఖం నరం నొప్పి అయితే కరెంటు షాకు కొట్టినట్టు సెకన్లలో వచ్చి పోతుందనీ, బ్రష్ తగిలినా చల్లగాలి తగిలినా రేగుతుందనీ, మామూలుగా ఈ మందుకి లొంగుతుందనీ చెప్పి, నాది అలా లేదని ఆయనే మందు మెల్లగా తగ్గించి ఆపించారు. ఫైలు మీద మాత్రం పర్సిస్టెంట్ ఇడియోపథిక్ ఫేషియల్ పెయిన్ అని ప్రశ్నార్థకం పెట్టి రాశారు. రోజుకి రెండు గంటలకి మించి, మూడు నెలలకి పైగా ఉండి, పరీక్షల్లో కారణం దొరకని ముఖం నొప్పికి పెట్టే పేరట. ఇంత పెద్ద పేరుకి అర్థం ‘ఎందుకో తెలియదు’ అనే కదా అని మా ఆవిడ అంది.

ఆయనే విజయవాడ పంపించారు. పంటి డాక్టర్లలో నోటి జబ్బులూ, దవడ, ముఖం నొప్పులూ చూసే ఓరల్ మెడిసిన్ అని ఒక విభాగం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. వారధి దాటి సూర్యారావుపేటలో ఒక మేడ మీద ఆ విభాగం డాక్టరమ్మ క్లినిక్. నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. పళ్ళు చూడలేదు ముందు. నా వెనక నిలబడి రెండు చేతుల వేళ్ళతో రెండు బుగ్గలూ, దవడ ఎముక పైన కండ పట్టుకుని నొక్కింది. కుడివైపు ఏం లేదు. ఎడమవైపు ఒకచోట నొక్కేసరికి కుర్చీలోంచి లేచాను. ‘ఎక్కడ నొప్పి వచ్చింది సార్?’ అంది. చెవిలో. బుగ్గ నొక్కితే చెవిలో! ఆరునెలలుగా చెవిలో దిగుతున్న ఆ బొటనవేలు ఈవిడ వేలి కింద ఉంది.

తర్వాత నా చిటికెనవేళ్ళు రెండూ నా చెవుల్లోనే పెట్టుకుని నోరు తెరిచి మూయమంది. మీరూ చేసి చూడండి, లోపల ఏదో కదిలి వేలికి తగులుతుంది, అది దవడ కీలు. చెవి గొట్టానికి ముందు గోడలాగా ఆనుకునే ఉంటుంది. ఆ కీలుకీ, చెవి ముందు భాగానికీ ఒకే నరం కొమ్మ పోతుందట, అందుకని కండ పట్టేస్తే చెవి నొప్పిలా తెలుస్తుంది. నోరు తెరిపించి స్కేలు పెట్టి కొలిస్తే 33 మిల్లీమీటర్లు. మామూలుగా 40 అయినా ఉండాలి, మన వేళ్ళు మూడు నిలువుగా పట్టాలి. బుగ్గ లోపల తెల్ల గీత, నాలుక అంచున పళ్ళ ముద్రలు అద్దంలో చూపించింది.

‘పళ్ళు బిగబడుతున్నారు సార్’ అంది. నేను ఒప్పుకోలేదు. నిద్రలో పళ్ళు కొరికితే మా ఆవిడకి వినిపించేది కదా, పైగా కడుపులో పురుగులుంటేనే కొరుకుతారని మా అమ్మ నమ్మకం. కొరకడం వేరు, చప్పుడు లేకుండా బిగించి పట్టడం వేరు, మీరు ఇప్పుడు కూడా బిగించే ఉన్నారు చూసుకోండి అంది. చూసుకుంటే నిజమే. ఎంత బాధనైనా పంటి బిగువున భరించేవాడని మా నాన్నని మెచ్చుకునేవాళ్ళు మా ఊళ్ళో, నేనూ అదే చేస్తున్నాననుకున్నా, ఇక్కడ చూస్తే ఆ పంటి బిగువే బాధ. అయినా ఆవిడ ఒక మాట జాగ్రత్తగా చెప్పింది, మీ నొప్పి అంతా ఇదేనని నేను రాసివ్వను, ఇందులో ఎంత భాగం ఇదో చూద్దాం అని. అందుకే ఆవిడ మీద గురి కుదిరింది.

ఇక గార్డు. డబ్బు మిగుల్చుదామని 2022 ఆగస్టులో మెత్తటిది ఆన్‌లైన్‌లో తెప్పించాను. నోట్లో మెత్తగా ఉంటే నమలాలనిపిస్తుంది, నేను రాత్రంతా బబుల్‌గమ్ నమిలినట్టు నమిలాను, పొద్దునకి దవడ ఇంకా పట్టేసేది. నాలుగు నెలలకి ఎడమవైపు చిరిగింది. నాకైతే దండగ.

గట్టిది 2023 జనవరిలో. పై పళ్ళన్నిటికీ తొడుగులా వస్తుంది, అద్దంలా ఉంటుంది. నాకు నాలుగు వేలు పైచిలుకు అయింది. పెట్టిన రోజు ఆవిడ నీలి కాగితం పళ్ళ మధ్య పెట్టి కొరకమంటే గార్డు మీద చుక్కలు పడ్డాయి, ఎడమవైపు ముదురుగా, కుడివైపు పడీ పడనట్టు. ముదురు చుక్కలు అరగదీసి, మళ్ళీ కాగితం, మళ్ళీ అరగదీయడం, ముప్పావు గంట పట్టింది. అన్ని పళ్ళూ ఒకేసారి సమంగా తగిలేదాకా వదల్లేదు. ఈ పని చెయ్యకుండా చేతిలో పెట్టి పంపిస్తే ఆ గార్డు తీసుకోకండి. ముందు పళ్ళకే తొడిగే చిన్న రకాలు కూడా ఉన్నాయి, అవి చాలాకాలం వాడితే పళ్ళ పొందిక మారే ప్రమాదం ఉందని ఆవిడే చెప్పింది.

మొదటి వారం నరకం. నోరంతా ఊట, దిండు తడి, ‘స’ పలకదు. మా ఆవిడ ఏదో అడిగితే నేను చెప్పేది అర్థం కాక నవ్వేది. పదో రోజుకి అలవాటైంది. నెలకి పొద్దున పూట దవడ వదులుగా ఉండటం మొదలైంది, ఇడ్లీ కాకుండా పెసరట్టు తినగలిగాను.

మార్చిలో, సీజన్ నడిమధ్యలో, ఒకరోజు అమ్మ దాన్ని మరుగుతున్న నీళ్ళలో వేసింది. మెత్తటిదాన్ని వేడినీళ్ళలో ముంచడం చూసింది కదా, ఇది కూడా అంతే అనుకుంది, పైగా క్రిములు చస్తాయని. తీసేసరికి వంకర పోయింది. మళ్ళీ అచ్చు, మళ్ళీ డబ్బు. చన్నీళ్ళు, మెత్తటి బ్రష్, గాలి ఆడే డబ్బా, అంతే దానికి కావలసింది. మన ఎండల్లో బండి డిక్కీలో పెట్టకండి.

ఇప్పుడు అసలు మాట. గార్డు నా చేత బిగించడం మాన్పించలేదు. బిగిస్తున్నానని సాక్ష్యం చూపించింది, అంతే. ఆరునెలలకి దాని మీద ఎడమవైపు గోరంత గుంట పడింది, వెలుతురులో పెట్టి చూస్తే మెరుస్తూ కనిపిస్తుంది. గార్డు లేకపోతే ఆ గుంట నా పంటి మీద పడేది. కానీ రాత్రి ఎనిమిది గంటలు అది కాపలా కాస్తే, పగలు పదహారు గంటలు కాసేదెవరు? పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు మాత్రం తగలకూడదు, నాలుక అంగిట ఆని ఉండాలి, నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పైపళ్ళకీ కిందిపళ్ళకీ పని లేదు. ఇది గుర్తుండటానికి మా ఆవిడ ఎర్ర బొట్టుబిళ్ళలు కాలిక్యులేటరు మీదా, చిట్టా అట్ట మీదా, ఫోను వెనకా అంటించింది. బిళ్ళ కనపడినప్పుడల్లా దవడ వదలాలి. మొదటి రోజు చూసిన ప్రతిసారీ బిగించే ఉన్నాను. కొట్లో హమాలీలు ఇదేం మొక్కు బాబాయ్ అని అడిగారు.

ఫోను భుజం మీద పెట్టడం మానేసి ఇయర్‌ఫోన్ కుడి చెవికి పెట్టుకున్నా. దవడకి ఆవిడ నేర్పిన వ్యాయామాలు పూటకి ఐదు నిమిషాలు, రాత్రి వేడి కాపడం. నొప్పికి అమిట్రిప్టిలిన్ అనే మాత్ర 10 మిల్లీగ్రాములు రాత్రిపూట ఏడాది వాడి, డాక్టరు గారు చెప్పాక మానేశాను. నిద్ర బాగా పట్టేది, నోరు మాత్రం మే నెల చెరువులా ఎండిపోయేది. చేగోడీలు, జంతికలు, జామకాయ కొరకడం బంద్. చేగోడీలకే బాధ.

మా అమ్మాయి ఫార్మసీ చదువుతోంది, 2023 చివర్లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో ఈ దవడ నొప్పులకి వచ్చిన మార్గదర్శకాలు చదివి చెప్పింది. దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలకీ, నొప్పిని ఎదుర్కోవడం నేర్పే మానసిక చికిత్సకీ అందులో గట్టిగా ఓటేశారట, తీసి పెట్టుకునే గార్డులు మాత్రం వద్దన్న వైపే కాస్త మొగ్గారట. నాన్నా, నాలుగు వేలు పోయాయి అంది. పోలేదు. గార్డు మీద గుంట చూసుండకపోతే నేను ఆ వ్యాయామాలు రెండో రోజే మానేసేవాణ్ణి, నా సంగతి నాకు తెలుసు.

ఇప్పుడెలా ఉందంటే, అప్పుడు పదికి ఏడున్న నొప్పి మామూలు రోజుల్లో రెండు, నోరు 41 తెరుచుకుంటోంది. చెవిలో బొటనవేలు నెలకి రెండుమూడుసార్లు ఇప్పటికీ వస్తుంది, దవడ వదులుగా ఉన్న రోజు కూడా వస్తుంది, ఎందుకో ఆవిడా చెప్పలేదు, ఫైలు మీద ప్రశ్నార్థకం అలాగే ఉంది. ముఖం తిమ్మిరి ఎక్కినా, నోట్లో మానని పుండున్నా, నడిస్తే దవడ లాగి కూర్చుంటే తగ్గినా ఈ గార్డుల గొడవ పెట్టుకోకుండా వెంటనే పెద్ద డాక్టరుకి చూపించుకోండి, చివరిది గుండె సంగతి కూడా కావచ్చు.

ఈ సీజన్లో గుంట మళ్ళీ కాస్త లోతయింది, ధరలు పడిన ఆ రెండు వారాల్లోనే అయి ఉంటుంది. యార్డుకి వేసవి సెలవులు ఇవ్వగానే విజయవాడ వెళ్ళి నీలి కాగితం మీద కొరికి రావాలి. బొట్టుబిళ్ళలు కూడా జిగురు ఊడిపోయాయి, కొత్త అట్ట తెమ్మన్నాను.