హోబోకెన్ నుంచి హోల్యోక్ దాకా: అమెరికా ఆటలు పుట్టిన ఊళ్లలో

గుంటూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న నేను, కిందటి వేసవిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అబ్బాయి ఇంటికి వెళ్లాను. నయాగరాకు టికెట్లు తీస్తానని వాడు అన్నప్పుడు, అంతకంటే ముందు నేను జీవితమంతా పిల్లలకు నేర్పిన ఆటలు ఏ నేల మీద మొదలయ్యాయో చూడాలని ఉందని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "సరే నాన్నా, దగ్గరి ఊళ్లు రెండు రైల్లో చూద్దాం, మిగిలినవి మూడు రోజులు కారులో తిరిగొద్దాం" అన్నాడు. అలా చూసిన స్థలాల మంచిచెడులను, అక్కడ తెలుసుకున్న సంగతులను, ఇటువంటి ప్రయాణం చేయదలచిన వారికోసం రాస్తున్నాను.

మొదటి మజిలీ హోబోకెన్. ఎడిసన్ నుంచి నెవార్క్ దాకా ఒక రైలు, అక్కడి నుంచి పాత్ (PATH) అనే స్థానిక రైలు పట్టుకుంటే గంటన్నరలోపే చేరవచ్చు. కారులో వెళ్లవద్దని నా సలహా, ఎందుకంటే ఆ ఇరుకు వీధుల్లో బండి నిలిపే చోటు దొరకడం చాలా కష్టం. స్టేషన్ నుంచి వాషింగ్టన్ వీధి వెంట నేరుగా నడుస్తూ పదకొండో వీధి కూడలికి చేరితే, రోడ్డు నడుమ గట్టు మీద ఒక స్మారక ఫలకం కనిపిస్తుంది. ఒకప్పుడు ఇక్కడ ఎలిసియన్ ఫీల్డ్స్ అనే పచ్చిక మైదానాలు ఉండేవి. మన్‌హటన్‌లో ఖాళీ నేల ఇళ్ల కిందికి పోతున్న కాలంలో, అక్కడి గుమాస్తాలు, వ్యాపారులు ఆడుకోవడానికి పడవ ఎక్కి హడ్సన్ నది దాటి ఇటు వచ్చేవారు. 1845లో ఏర్పడిన నికర్‌బాకర్ అనే బేస్‌బాల్ క్లబ్బు తన ఆట నియమాలను కాగితం మీద పెట్టింది. 1846 జూన్ 19న ఇక్కడే న్యూయార్క్ నైన్ అనే జట్టుతో ఆడి 23-1 తేడాతో ఓడిపోయింది. తన నియమాలతో ఆడిన ఆటలో తానే ఓడినా, ఆ నియమాలు మాత్రం నిలిచాయి.

వాటిలో ఒక నియమం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అంతకుముందు పరుగెత్తేవాడిని బంతితో కొడితే అతడు అవుట్ అయినట్టు లెక్క. మన ఏడు పెంకులాటలో బంతితో వీపు మీద కొట్టడం గుర్తు చేసుకుంటే ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ పద్ధతి ఉన్నంతకాలం బంతి మెత్తగానే ఉండాలి, మెత్తని బంతి దూరం పోదు. మనిషిని కొట్టకూడదని నికర్‌బాకర్ వారు రాసుకున్నాక గట్టి బంతి వాడడానికి వీలు కలిగింది, బంతి గట్టిపడిన కొద్దీ దెబ్బ దూరం పోయింది, మైదానం పెద్దదైంది, చూడడానికి జనం వచ్చారు. చిన్నపిల్లల ఆట పెద్దల ఆటగా మారిన మలుపు అదేనని ఒక డ్రిల్లు మాస్టారుగా నా అభిప్రాయం. హోబోకెన్‌లో ఈ ఫలకం తప్ప ఆ మైదానానికి ఆనవాలు దాదాపు లేదు. ఆ నేలలో కొంత భాగం మీద తరవాత కాఫీ కర్మాగారం వెలిసింది, అదీ పోయి ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అయినా నది ఒడ్డుకు నడిచి, అవతల మన్‌హటన్ భవనాలను చూస్తూ, పడవల్లో బంతీ బ్యాటూ పట్టుకుని వచ్చిన ఆ గుమాస్తాలను ఊహించుకోవడానికి ఒక పూట కేటాయించవచ్చు.

న్యూ బ్రన్స్‌విక్ మాత్రం నన్ను నిరాశపరిచింది. 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల విద్యార్థులు జట్టుకు ఇరవై ఐదుగురు చొప్పున ఇక్కడ ఆడిన ఆటను అమెరికన్ కళాశాల ఫుట్‌బాల్‌లో మొదటిదిగా లెక్కిస్తారు. రట్గర్స్ 6-4తో గెలిచింది. అయితే ఆ రోజు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తకూడదు, కాబట్టి అది ఇప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ కంటే మనం ఎరిగిన ఫుట్‌బాల్‌కే దగ్గర. ఆ నేల మీద ఇప్పుడు వ్యాయామశాల, దాని కార్ల పార్కింగ్ ఉన్నాయి. ఆట అసలు రూపం తీసుకున్నది తరవాత, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ క్యాంప్ చేతుల్లో. జట్టుకు పదకొండు మంది, బంతి ఒక జట్టు అధీనంలో ఉండి ఆట మొదలుకావడం అనే పద్ధతి 1880లో వచ్చాయి. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు ముందుకు పోకపోతే బంతిని ఎదుటివారికి అప్పగించాలనే నియమం 1882లో వచ్చింది. 1905 నాటికి ఆటలో మరణాలు ఎంతగా పెరిగాయంటే, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కళాశాలల ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. మరుసటి ఏడు బంతిని ముందుకు విసరడానికి అనుమతి ఇచ్చారు, జనం గుంపుగా ఒకరి మీద ఒకరు పడడం కొంత తగ్గింది. ఇంత చరిత్ర ఉన్న చోట చూపించేది ఇంత తక్కువ ఉండడం బాధ కలిగించింది. అటు వెళ్లే పని ఉంటే తప్ప దీనికోసమే బయలుదేరనక్కరలేదు.

శుక్రవారం తెల్లవారుజామున కోడలు కట్టిచ్చిన పులిహోర, దద్దోజనం డబ్బాలతో కూపర్స్‌టౌన్‌కు బయలుదేరాము. ఎడిసన్ నుంచి నాలుగు గంటలకు పైనే ప్రయాణం. న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర భాగంలో ఆట్సీగో సరస్సు ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరికి రైలు లేదు, కారు తప్పనిసరి. వేసవిలో దేశం నలుమూలల నుంచి పిల్లల బేస్‌బాల్ జట్లు పోటీలకు వస్తాయి కాబట్టి ఊళ్లో గదుల అద్దెలు ఆకాశాన్ని అంటుతాయి. మేము అందుకే ఇరవై మైళ్లకు పైగా దూరంలో, ఓనియోంటా వైపు ఒక మోటల్‌లో దిగాము. ఆ మోటల్ గురించి చెప్పక తప్పదు. పొగ తాగని గది అని రాసి ఉన్నా గోడల నిండా సిగరెట్ వాసన, ఏసీ రాత్రంతా రుబ్బురోలు లాగా మోగింది, ఉదయం ఫలహారం ఇస్తామన్న చోట ఖాళీ బల్లలు కనిపించాయి. డబ్బు వాపసు అడిగితే బుక్ చేసిన వెబ్‌సైటును అడగమన్నారు, వెబ్‌సైటు వారు మోటల్‌ను అడగమన్నారు. కొంచెం ముందుగా, కనీసం రెండు నెలల ముందే, ఊళ్లోనే ఇంటి వసతి చూసుకోవడం మేలని మాకు ఆలస్యంగా తెలిసింది.

కూపర్స్‌టౌన్‌లో కారును ఊరి బయటి పార్కింగ్ స్థలంలో ఉంచి ట్రాలీ బస్సు ఎక్కితే మ్యూజియం దగ్గరే దింపుతారు, ఆ ఏర్పాటు చక్కగా ఉంది. మేటి ఆటగాళ్లను గౌరవించే ఈ మ్యూజియం, బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, 1939 జూన్ 12న ప్రారంభమైంది. ప్రవేశ రుసుము ముప్పై డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది, ఒక రోజంతా గడిపినా తనివి తీరదు కాబట్టి అది ఎక్కువని అనను. ఇక్కడి సిబ్బంది వృద్ధుల పట్ల చూపిన ఓపికను ప్రత్యేకంగా చెప్పాలి. నేను మెట్ల దగ్గర తడబడడం చూసి ఒకామె అడగకుండానే కుర్చీ తెచ్చి వేసింది.

అసలు ఈ మ్యూజియం ఈ ఊళ్లో ఎందుకు ఉంది అనేదే ఒక కథ. బేస్‌బాల్ ఇంగ్లండు ఆటల నుంచి పుట్టిందని హెన్రీ చాడ్విక్ అనే పాత్రికేయుడు అనేవాడు. కాదు, అది అమెరికా సొంత ఆటే అని ఒకప్పటి ఆటగాడు, క్రీడా సామగ్రి వ్యాపారి ఆల్బర్ట్ స్పాల్డింగ్ పట్టుబట్టాడు. 1905లో ఒక కమిషన్ వేశారు. ఒక వృద్ధుడు రాసిన ఉత్తరం ఆధారంగా, 1839లో ఈ ఊళ్లోనే అబ్నర్ డబుల్‌డే ఈ ఆటను కనిపెట్టాడని ఆ కమిషన్ ప్రకటించింది. ఆ ఏడాది డబుల్‌డే వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో విద్యార్థి. తరవాత పక్క ఊళ్లో ఒక అటక మీద పాత బంతి ఒకటి దొరికింది, దాన్ని ఐదు డాలర్లకు కొని, దాని చుట్టూ మ్యూజియం కట్టారు. ఆ బంతిని నేను గాజు పెట్టెకు ముఖం ఆనించి చూశాను. అరచేతిలో ఇమిడే చిన్న బంతి, నల్లబారిన తోలు, కుట్లు విచ్చుకున్న చోట లోపలి గుడ్డపీలికలు బయటికి కనిపిస్తున్నాయి. మా చిన్నప్పుడు పాత లుంగీ ముక్కలు చుట్టి, సైకిల్ ట్యూబ్ కోసి తొడిగి చేసుకున్న బంతికి అది అన్నలా ఉంది. డబుల్‌డే కథ నిజం కాదని మ్యూజియం తానే ఒప్పుకోవడం నాకు నచ్చింది.

ఆట దేశమంతా ఎలా పాకిందో చెప్పే గదులు ఇక్కడ అన్నింటికంటే విలువైనవి. అంతర్యుద్ధంలో శిబిరాల్లో నేర్చుకున్న సైనికులు దాన్ని తమ ఊళ్లకు తీసుకుపోయారు. 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చి, ఆ ఏడాదే పూర్తయిన ఖండాంతర రైలు మార్గం మీద పశ్చిమ తీరం దాకా వెళ్లి ఆడింది. 1876లో నేషనల్ లీగ్ వచ్చింది. చాడ్విక్ పత్రికల్లో వేసిన అంకెల పట్టిక, మైదానానికి రాలేని వాడికి కూడా ఆటను ఇంటికి చేర్చింది. ఇక్కడ మన క్రికెట్ ప్రస్తావన కూడా చేయాలి, ఎందుకంటే అమెరికా, కెనడా జట్లు 1844లోనే న్యూయార్క్‌లో క్రికెట్ ఆడాయి. చదును చేసిన పిచ్, రోజుల తరబడి తీరిక కావలసిన ఆట కంటే, పని ముగించుకుని వచ్చి రెండు మూడు గంటల్లో ముగించగల ఆటనే అక్కడి పట్నవాసులు ఎంచుకున్నారు. నల్లజాతి వారిని దూరం పెట్టిన చరిత్రను కూడా మ్యూజియం దాచలేదు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ పెద్ద లీగులో ఆడాడు, ఆ తరవాత తలుపులు మూసుకుపోయి, 1947లో జాకీ రాబిన్‌సన్ వచ్చేదాకా తెరుచుకోలేదు. ఆ గదిలో మా అబ్బాయి, నేను మాటల్లేకుండా నడిచాము.

మరునాడు మసాచుసెట్స్ మీదుగా స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్తూ పిట్స్‌ఫీల్డ్‌లో టీ తాగడానికి ఆగాము. 1791లో ఈ ఊరి పెద్దలు కొత్త ప్రార్థనా మందిరం కిటికీల అద్దాలు పగలకుండా, దానికి ఎనభై గజాల లోపు బేస్‌బాల్, క్రికెట్ వంటి ఆటలు ఆడకూడదని తీర్మానం చేశారు. డబుల్‌డే అప్పటికి పుట్టనైనా లేదు. బడి అద్దాల కోసం పిల్లల్ని కసిరిన మా హెడ్‌మాస్టరు గారు గుర్తొచ్చారు.

స్ప్రింగ్‌ఫీల్డ్ వసతి విషయంలో మా అదృష్టం బాగుంది. నది పక్కన శుభ్రమైన గది, చిన్న వంట గట్టు, మైక్రోవేవ్ దొరికాయి, దద్దోజనం అక్కడే ముగించాము. కనెక్టికట్ నది ఒడ్డున పెద్ద గోళంలా కనిపించే బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఇప్పటి భవనం 2002లో తెరిచారు. గోపురం కిందనే నిజమైన కోర్టు ఉంది, టికెట్ కొన్న ఎవరైనా బంతి తీసుకుని ఆడవచ్చు. పిల్లలతో వచ్చేవారికి కూపర్స్‌టౌన్ కంటే ఇదే బాగుంటుంది. అయితే నేటి తారల మెరుపుల మధ్య తొలినాళ్లకు దక్కిన చోటు తక్కువ. ఈ ఆటను తయారు చేసిన జేమ్స్ నైస్మిత్ టైపు చేయించిన అసలు పదమూడు నియమాల కాగితాలు ఇక్కడ ఉంటాయని ఆశించాను, అవి 2010 వేలంలో 43 లక్షల డాలర్లకు అమ్ముడుపోయి ఇప్పుడు కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

ఆట పుట్టిన సందర్భం మాత్రం ఏ వ్యాయామోపాధ్యాయుడికైనా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. చలికాలం, బయట మంచు, లోపల డ్రిల్లుతో విసిగిపోయిన పద్దెనిమిది మంది యువకులు. వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంఘం శిక్షణ పాఠశాలలో వ్యాయామ విభాగం పెద్ద లూథర్ గ్యులిక్ ఈ తరగతికి పనికొచ్చే ఆట ఒకటి తయారు చేయమని కెనడాకు చెందిన జేమ్స్ నైస్మిత్‌కు పద్నాలుగు రోజుల గడువు ఇచ్చాడు. గట్టి నేల మీద ఒకరినొకరు పడదోసుకోకూడదంటే బంతి పట్టుకుని పరుగెత్తడం ఆపాలి, బలంగా విసరకూడదంటే గురి తల పైన ఉండాలి. ఈ రెండో ఆలోచన ఆయనకు చిన్నప్పుడు ఆడిన, బండ మీద రాయిని మరో రాయితో పడగొట్టే ఆట నుంచి వచ్చింది. 1891 డిసెంబర్ 21న రెండు పీచ్ పండ్ల బుట్టలను పది అడుగుల ఎత్తున వసారా అంచుకు బిగించారు. మొదటి ఆటలో పడింది ఒకే ఒక్క బుట్ట. మరుసటి నెలలోనే పాఠశాల పత్రిక నియమాలను అచ్చువేసింది, ఆ పత్రిక దేశంలోని వై.ఎం.సి.ఎ. శాఖలన్నిటికీ వెళ్లేది. వసారాలోంచి చూసేవారు చేయి చాచి బంతిని నెట్టేస్తున్నారని బుట్ట వెనక బోర్డు పెట్టారు. పక్కనే ఉన్న నార్తాంప్టన్‌లోని స్మిత్ కళాశాలలో సెండా బెరెన్‌సన్ 1893లో ఆడపిల్లల మొదటి పోటీ నిర్వహించినప్పుడు మగవారిని లోపలికి రానివ్వలేదట. ఆడపిల్లల కబడ్డీ జట్టును జిల్లా పోటీలకు తీసుకెళ్లడానికి తల్లిదండ్రులను ఇంటింటికీ వెళ్లి ఒప్పించిన నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

చివరి ఊరు హోల్యోక్, స్ప్రింగ్‌ఫీల్డ్‌కు పది మైళ్లలోపే. ఒకప్పుడు కాగితపు మిల్లులతో కళకళలాడిన ఈ ఊళ్లో ఎర్ర ఇటుకల భవనాలు, కాలువలు ఉన్నాయి. వాలీబాల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారంలో కొన్ని రోజులే, అదీ మధ్యాహ్నం పూట తెరుస్తారు కాబట్టి వేళలు కనుక్కుని వెళ్లాలి. చిన్న హాలు, తక్కువ రుసుము, రెండు గంటలు చాలు. మేము వెళ్లినప్పుడు లోపల మరో ఇద్దరే ఉన్నారు, అక్కడి పెద్దాయన మా వెంట నడుస్తూ ప్రతిదీ వివరించారు. 1895లో ఇక్కడి వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గన్, బాస్కెట్‌బాల్ దూకుడు తట్టుకోలేని నడివయసు వ్యాపారుల కోసం టెన్నిస్ నెట్టును ఆరడుగుల ఆరంగుళాల ఎత్తుకు లేపి ఈ ఆట తయారు చేశాడు. బాస్కెట్‌బాల్ బరువైంది, దాని లోపలి బ్లాడర్ మరీ తేలికైంది, అందుకని పక్కనే చికొపీలో ఉన్న స్పాల్డింగ్ కర్మాగారంలో వేరే బంతి చేయించాడు. మొదట మింటొనెట్ అని పేరు పెట్టాడు, బేస్‌బాల్ లాగా తొమ్మిది ఇన్నింగ్స్ ఉండేవి.

ఆ పెద్దాయనకు నేను ఒక సంగతి చెప్పాను. స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాలలో చదివిన హ్యారీ క్రో బక్ మద్రాసుకు వచ్చి 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించాడు. అక్కడ చదివిన వారు తెలుగు జిల్లాల బడుల్లో డ్రిల్లు మాస్టర్లయ్యారు. నాకు మొదటిసారి సర్వీసు చేయడం నేర్పిన మా మాస్టారు వారిలో ఒకరు. ఊరి చెరువు గట్టున రెండు సర్వి బాదులు పాతి, చేపల వల కట్టి, సున్నంతో గీతలు గీసి ఆయన మాకు ఈ ఆట నేర్పారు. పెద్దాయన శ్రద్ధగా విని, నెట్టు ఎత్తు ఎంత ఉండేదని అడిగారు. కొలవలేదు, మా మాస్టారు చేయి ఎత్తితే వేళ్ల చివర్లు దాటేదని చెప్పాను.