సొనోమా, నాపా వన్‌డే టూర్ అని 990 డాలర్లు తీసుకున్నారు: బే ఏరియా తెలుగువాళ్లూ, డబ్బు పంపేముందు ఇది చదవండి

అక్టోబర్ మొదటి శనివారం అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకుని నేనూ మా ఆవిడా ఫ్రీమాంట్ నుంచి ఒక వ్యాన్ టూర్‌లో వెళ్లాం. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఈ సీజన్ అంతా తిరుగుతున్న ప్రకటనే అది. విషయం కోర్టుకు వెళ్తోంది కాబట్టి వాళ్ల పేరు రాయడం లేదు. జరిగింది మాత్రం దాచకుండా రాస్తున్నాను. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకు నాలుగు చోట్లు చూపించాలనే మన ఆశ మీదే వీళ్ల వ్యాపారం నడుస్తోంది.

ప్రకటనలో ఉన్నది ఇది: సెబాస్టపోల్ తోటలో మీ చేతులతో గ్రావెన్‌స్టీన్ ఆపిల్స్ కోసుకోవచ్చు, ద్రాక్షతోటలో గెలలు కోసుకోవచ్చు, నాపాలో పేరున్న వైనరీలో (వైన్ తయారుచేసే చోట) రిజర్వేషన్, పిల్లలకు గ్రేప్ జ్యూస్, మధ్యాహ్నం మన శాకాహార భోజనం. మనిషికి 165 డాలర్లు, పిల్లలకూ అంతే. ఆరుగురికి 990. జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపమన్నారు, పంపాను. కార్డు తీసుకుంటారా అని అడిగితే "మనవాళ్ల మధ్య కార్డులెందుకండీ, ఆ ఫీజు మూడు శాతం మీకే మిగులుతుంది" అన్నాడు టూర్ నడిపేవాడు. ఆ 'మనవాళ్లు' అన్న మాటకే నేను పడిపోయాను.

మా నాన్న గూడూరు దగ్గర నలభై ఏళ్లు నిమ్మతోట చేసిన మనిషి. అమెరికా వచ్చి రెండు నెలలైనా బ్రిడ్జి చూపించినా, పెద్ద పెద్ద ఆఫీసులు చూపించినా "బాగుంది" అనడమే తప్ప ఆయన ముఖంలో వెలుగు చూడలేదు. తోటకి వెళ్తున్నాం అనగానే ముందురోజు రాత్రే బూట్లు తుడిచి పెట్టుకున్నారు. అందుకే ఈ బాధ 990 డాలర్లతో పోయేది కాదు.

పొద్దున ఏడింటికి రావాల్సిన వ్యాన్ ఎనిమిదిన్నరకు వచ్చింది. పదిహేను మంది పట్టే వ్యాన్, వెనక వరసలో రెండు సీటు బెల్టులు పనిచేయవు. అప్పుడే దిగిపోవాల్సింది. అమ్మ అప్పటికే పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పిల్లలు కిటికీల దగ్గర చేరారు, నేను నోరు మెదపలేదు. ఆ తప్పు నాదే.

రిచ్మండ్ బ్రిడ్జి దాటి, 101 హైవే మీద కొటాటి దాకా వెళ్లి, 116వ హైవే ఎక్కాం. ఆ రోడ్డుకే గ్రావెన్‌స్టీన్ హైవే అని పేరు. బోర్డు మీద ఆ పేరు కనిపించగానే వ్యాన్‌లో అందరూ ఫోన్లు తీశారు. కాసేపటికి ఒక షెడ్డు ముందు ఆపారు. వెనక ఆపిల్ చెట్లున్నాయి, వాటి మీద ఒక్క కాయ లేదు. షెడ్డులో పెట్టెల నిండా కాయలు. "ఈ ఏడాది కోత తొందరగా అయిపోయింది, పొద్దునే మీకోసం కోయించాం, గ్రావెన్‌స్టీన్, సంచి 20 డాలర్లు" అన్నాడు గైడ్. టూర్ డబ్బులో ఇది కలవదట.

నాన్న ఒక కాయ తీసుకుని తొడిమ చూశారు. గోటితో తొక్క మీద గీశారు. కండువాతో తుడిచి మళ్లీ చూశారు. "పొద్దున కోసిన కాయకి తొడిమ ఇంత ఎండదురా. ఇదిగో మైనం. ఇక్కడ స్టిక్కర్ పీకిన జిగురు కూడా ఉంది" అన్నారు, మెల్లిగా, నాకు మాత్రమే వినపడేలా. నేను పట్టించుకోలేదు. రెండు సంచులు కొన్నాను.

ఇంటికొచ్చాక చదివితే ఆయన మాట అక్షరాలా నిజం. గ్రావెన్‌స్టీన్ జులై చివర మొదలై ఆగస్టులో అయిపోయే రకం. తొక్క పల్చన, తొందరగా దెబ్బ తింటుంది, నిలవ ఉండదు. అందుకే పెద్ద దుకాణాలకు వెళ్లదు, అందుకే అంత పేరు, అందుకే సెబాస్టపోల్‌లో దాని పేరున జరిగే సంత కూడా ఆగస్టులోనే. అక్టోబర్‌లో అప్పుడే కోసిన గ్రావెన్‌స్టీన్ అని ఎవరైనా చేతిలో పెడితే అది అబద్ధం. మరి అక్టోబర్‌లో అక్కడ ఆపిల్స్ ఉండవా అంటే, బోలెడు. ఫ్యూజీ, రోమ్ బ్యూటీ, గోల్డెన్ డెలీషియస్. నిజం చెప్పినా మేం సంతోషంగా కొనేవాళ్లం.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. రోడ్డు పక్కన ఒక ద్రాక్షతోట దగ్గర వ్యాన్ ఆపి, "దిగండి, తలా రెండు గెలలు కోసుకోండి, తొందరగా" అన్నాడు. గేటు లేదు, బోర్డు లేదు, అక్కడ మనిషి లేడు. పిల్లలు పరుగెత్తారు. వైన్ ద్రాక్ష మనం తినే ద్రాక్షలా ఉండదు. చిన్న గింజలు, మందం తొక్క, లోపల విత్తనాలు, తీపి మాత్రం గొంతు పట్టేంత. మా చిన్నది నోటి నిండా పెట్టుకుని నవ్వుతోంది. నాన్న మాత్రం గట్టు మీదే నిలబడ్డారు. "ఎవరి తోట ఇది? అడిగారా?" అని మూడుసార్లు అడిగారు.

ఐదు నిమిషాల్లో ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. దిగిన పెద్దాయన తోట యజమాని. అరవలేదు. ఈ పంట మొత్తం ఒక వైనరీకి ఒప్పందం మీద వెళ్తుందనీ, రేపో ఎల్లుండో కోత అనీ, మీరెవరు అనీ అడిగారు. తర్వాత మా బూట్ల వైపు చూపించారు. వేర్లను తినే ఫిలోక్సెరా అనే పురుగు బూట్లకు అంటిన మట్టితో కూడా ఒక తోట నుంచి ఇంకో తోటకు పోతుందట. 1980లు, 90ల్లో ఆ పురుగు వల్లే నాపా, సొనోమాల్లో ఎన్నో తోటలు వేళ్లతో సహా పీకి మళ్లీ నాటుకోవాల్సి వచ్చింది. నేను అనువదించి చెబుతుంటే నాన్నకు మధ్యలోనే అర్థమైపోయింది. ఆయన తోటలోకి చెప్పకుండా ఎవరైనా వస్తే ఆయనేం చేసేవారో మా ఊళ్లో అందరికీ తెలుసు. నాన్న మనవరాలి చేతిలోని గెల తీసుకుని ఆ రైతు చేతికిచ్చి, రెండు చేతులూ జోడించారు. ఆయన ఆ గెల తిరిగి పాపకే ఇచ్చేశారు. మా గైడ్ అప్పటికే వ్యాన్‌లో కూర్చుని హారన్ కొడుతున్నాడు.

నలభై ఏళ్లు తోట కాసిన మనిషిని పరాయి తోటలో దొంగలా నిలబెట్టారు. ఆ సాయంత్రం దాకా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు.

నాపా గురించి తొందరగా చెప్పేస్తాను. వైనరీలో మా పేర లేదా వాళ్ల పేర ఏ రిజర్వేషనూ లేదు. 1990లో నాపా కౌంటీ తెచ్చిన నిబంధన ప్రకారం ఆ తర్వాత అనుమతి పొందిన వైనరీలకు ముందుగా అపాయింట్‌మెంట్ ఉంటేనే వెళ్లాలి. చాలా చోట్ల పిల్లల్ని లోపలికే రానివ్వరు. రుచి చూడటానికి 21 ఏళ్లు నిండాలన్నది ఎలాగూ ఉంది. పార్కింగ్‌లో ఫొటోలు దిగి వచ్చాం. భోజనం మూడింటికి, చల్లటి చీజ్ శాండ్‌విచ్. నాన్నకు షుగర్. అమ్మ పులిహోర లేకపోతే ఏమయ్యేదో. (శాకాహారులకు ఒక మాట. ఆ ప్రాంతంలో చీజ్ రుచి చూపించే చోట్లు చాలా ఉన్నాయి. చీజ్ తోడుపెట్టే రెన్నెట్ కొన్నిటిలో దూడ కడుపు నుంచి తీసింది ఉంటుంది. వెజిటేరియన్ రెన్నెట్టా అని అడిగి తినండి, వాళ్లు ఏమీ అనుకోరు.)

డబ్బు వెనక్కి అడిగితే మొదట "చూద్దాం", తర్వాత "వాతావరణం", చివరికి బ్లాక్. మా బ్యాంకు వాళ్లు చెప్పింది ఒకటే: జెల్‌లో మీ అంతట మీరు పంపారు, అవతలివాళ్లకు చేరింది, రద్దు చేయలేం. అదే క్రెడిట్ కార్డు అయ్యుంటే, ఇస్తామన్నది ఇవ్వలేదని స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టే హక్కు ఫెడరల్ చట్టమే ఇస్తోంది. మూడు శాతం మిగుల్చుకుందామని నేను వదులుకున్నది ఆ హక్కు.

ఇంకొకటి మనలో చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. కాలిఫోర్నియాలో డబ్బు తీసుకుని జనాన్ని ఇలా తిప్పే వ్యాన్‌కి పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ ఇచ్చే పర్మిట్ ఉండాలి. దాన్ని టీసీపీ నంబరు అంటారు, బండి ముందూ వెనకా బంపర్ల మీద రాసి ఉండాలి. పర్మిట్ ఉందంటే ఇన్సూరెన్స్ ఉన్నట్టు. 8 నుంచి 15 సీట్ల బండికి కనీసం 15 లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ ఉంటేనే పర్మిట్ ఇస్తారు. 15 మంది పట్టే వ్యాన్ నడిపేవాడికి మనలాంటి మామూలు లైసెన్సు చాలదు, ప్రయాణికుల్ని ఎక్కించుకునేందుకు అనుమతి ఉన్న కమర్షియల్ లైసెన్సు కావాలి. మా ఫొటోల్లో వెతికి చూశాను, మమ్మల్ని తిప్పిన బండి బంపర్ మీద ఏ నంబరూ లేదు. బెల్టు పనిచేయని ఆ సీట్లలో నా పిల్లలు కూర్చుని వచ్చారన్నది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. కాబట్టి డబ్బు పంపేముందు టీసీపీ నంబరు అడగండి, కమిషన్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. వైనరీకో తోటకో మీరే ఫోన్ చేసి, ఫలానా రోజు ఫలానా పేర బుకింగ్ ఉందా అని కనుక్కోండి. రెండు నిమిషాల పని. నంబరు అడిగితే విసుక్కునేవాడి బండి ఎక్కకండి.

నేను కమిషన్‌కి ఫిర్యాదు పెట్టాను, స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో (చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టు) కేసు వేశాను. మనిషికి 12,500 డాలర్ల దాకా అక్కడ అడగొచ్చు. 1,500 లోపు దావాకి ఫీజు 30 డాలర్లు. విచారణలో మన తరఫున లాయర్ మాట్లాడే పద్ధతే లేదు, మన మాట మనమే చెప్పుకోవాలి. ముందుగా అవతలివాళ్లను డబ్బు తిరిగిమ్మని అడిగి ఉండాలి. వాట్సాప్‌లో అడిగినవన్నీ దాచాను.

మూడు వారాల తర్వాత ఆదివారం మా కారులోనే మళ్లీ వెళ్లాం. నాన్న రానన్నారు, పిల్లలు లాక్కొచ్చారు. సెబాస్టపోల్ ప్లాజాలో ఆదివారం రైతుల సంత ఉంటుంది. ఇలాంటి సర్టిఫైడ్ సంతల్లో రైతు ఏ కౌంటీలో ఏ పంట పండిస్తాడో రాసిన ధ్రువపత్రం అంగడిలో కనపడేలా పెట్టాలి. నాన్న ప్రతి అంగడి ముందూ ఆగి ఆ కాగితం నాతో చదివించుకున్నారు. ఫ్యూజీలు కొన్నాం, తొడిమలు ఆకుపచ్చగా ఉన్నాయి. పక్కన పెర్సిమన్ పండ్లు. ఒకటి కోసి ఇస్తే నాన్న నోట్లో పెట్టుకుని, "ఇది మన తునికి పండు కదరా!" అన్నారు. బీడీ ఆకు ఇచ్చే ఆ తునికి చెట్టూ ఇదీ ఒకే కుటుంబం. ఫుయు రకం గట్టిగా ఉన్నప్పుడే తినొచ్చు. కోసుగా ఉండే హచియా మాత్రం మెత్తబడేదాకా ఆగాలి, లేకపోతే నోరంతా వగరు. మధ్యాహ్నం గ్లెన్ ఎలెన్‌లో జాక్ లండన్ స్టేట్ పార్క్‌లో చెట్ల కింద పెరుగన్నం తిన్నాం. ద్రాక్షతోటలు అప్పటికి ఎర్రగా, పసుపుగా మారాయి. రోడ్డు మీద నుంచే చూశాం. పెట్రోలు, పార్కింగు, పండ్లు, అన్నీ కలిపి 110 డాలర్లు దాటలేదు.

అక్టోబర్ మొదటి శనివారం ఫ్రీమాంట్‌లో మాతో పాటు ఎక్కిన మిల్పిటాస్ కుటుంబం, శాన్ రమోన్ నుంచి వచ్చిన అమ్మమ్మగారూ మనవడూ ఇది చదువుతుంటే నాకు మెసేజ్ చేయండి. మీరు జెల్‌లో పంపిన స్క్రీన్‌షాట్, వ్యాన్ వెనకభాగం కనపడే ఫొటో ఏదైనా ఉంటే చెరిపేయకండి, విచారణకి కావాలి. ఆ ఆపిల్ సంచి ఎవరైనా పారేయకుండా ఉంచి ఉంటే, అడుగున ఒక స్టిక్కర్ అయినా దొరుకుతుందేమో చూడమని నాన్న చెప్పమన్నారు.